రెండు జతల జోళ్లతో పెద్దింటికి వెళ్లకండి

మీకు కాంగ్‌షీ చక్రవర్తి కొలువులో తాలూకా అధికారిగా ఉద్యోగం వచ్చిందనుకుందాం. వాళ్లు షియెన్ అంటారు, మన పాత తాలూకాకు అన్నలాంటిది. అక్కడ మీరే తహసీల్దారు, మీరే మేజిస్ట్రేటు, మీరే పోలీసు. కరువొస్తే గంజి కాయించేదీ మీరే, వానలు పడకపోతే గుడికెళ్లి మొక్కేదీ మీరే. జనం మిమ్మల్ని తల్లీతండ్రీ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఇంతమంది పని ఒక్కరే చేసినందుకు జీతం ఏడాదికి 45 టేళ్ల వెండి. టేల్ అంటే మూడు తులాల పైచిలుకు. అందులోంచే మీ సొంత గుమాస్తాలకు ఇవ్వాలి, వచ్చిపోయే పై అధికారులకు విందులు పెట్టాలి. సొంత రాష్ట్రంలో పోస్టింగు ఇవ్వకూడదని రూలు కాబట్టి, ఇంటి దగ్గర్నుంచి బియ్యం బస్తా తెప్పించుకునే దారి కూడా లేదు.

మరి ఎలా నెట్టుకొస్తారు? ఇందుకు మన భాషలో చక్కటి మాటుంది, మామూళ్లు. చైనావాళ్లు లౌగుయి అంటారు. దాని అర్థం ‘చెడ్డ ఆనవాయితీ’. ఈ విషయంలో మనవాళ్లే ఘనులు, పేరులోంచే తప్పన్న వాసన తీసేశారు.

కింద ఇచ్చే సలహాలన్నీ ఒకే ఒక్క మనిషి బతుకు చూసి నేర్చుకున్నవి. ఆయన చేసినవన్నీ మీరు చేయకుండా ఉంటే చాలు, పైకొస్తారు. పేరు లూ లుంగ్‌చీ. 1630లో జెజియాంగ్ రాష్ట్రంలోని పింగ్‌హులో పుట్టారు. నలభయ్యో ఏట, 1670లో, అన్నిటికంటే పై మెట్టు పరీక్ష గట్టెక్కారు. ఐదేళ్లు ఎదురుచూశాక 1675లో జియాడింగ్ తాలూకా చేతికొచ్చింది. ఇప్పుడది షాంఘై నగరంలో కలిసిపోయింది కానీ, అప్పట్లో పత్తి, బట్టలు, భారీ శిస్తులు, అంతకంటే భారీ ఆడంబరాలు ఉన్న చోటు. అంటే ఉద్యోగం చేసుకునేవాడికి బంగారు గుడ్లు పెట్టే బాతు. లూ గారు దానికి గింజలేస్తూ కూర్చున్నారు గానీ, గుడ్డు జోలికి వెళ్లలేదు.

ఇంటి కథల్ని ఇంట్లోనే వదిలి రండి

తప్పు అక్కడే మొదలైంది. లూ వంశంలో ఒక కథ తరాలుగా చెప్పుకునేవాళ్లు. పూర్వీకుడొకాయన ఫెంగ్‌చెంగ్‌లో చిన్న అధికారి. సర్కారు సరుకు పడవలో తీసుకెళ్తుంటే రాత్రిపూట అడుగున చిల్లు పడింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఈ పడవలో అన్యాయపు డబ్బు ఒక్క కాసున్నా మమ్మల్ని చేపలకు వెయ్యమని మొక్కుకున్నాడట. నీళ్లు రావడం ఆగిపోయింది. తెల్లారి చూస్తే, నాచు చుట్టుకున్న మూడు చేపలు చిల్లులో బిరడాలా ఇరుక్కుని ఉన్నాయి. అప్పట్నుంచి ఆ ఇంటికి ‘మూడు చేపల ఇల్లు’ అని పేరు. లూ గారు తన రచనల సంపుటికి కూడా ఆ పేరే పెట్టుకున్నారు.

చిన్నప్పుడు బువ్వ తింటూ ఇలాంటి కథలు విన్న పిల్లలు పెద్దయ్యాక సంతకం పెట్టాల్సినచోట పెట్టరు. మీ తాతగారి గురించి ఇలాంటి కథేదైనా ఉంటే, ఉద్యోగంలో చేరేముందు దాన్ని కొంచెం మార్చుకోండి. పడవకు చిల్లు పడింది, తాతగారు వడ్రంగిని పిలిపించారు, బిల్లు సర్కారుకు పంపారు. ఇది చాలు.

పుట్టినరోజుకు ఏం తీసుకెళ్లాలి

ఇది నిదానంగా చదవండి, మీ ఉద్యోగమంతా దీనిమీదే నిలబడి ఉంది.

జియాడింగ్‌కు పై అధికారి సుజౌలో కూర్చునే గవర్నరు ము తియెన్‌యెన్. ఆయన పుట్టినరోజు వచ్చింది. చుట్టుపక్కల అధికారులంతా ఒకరిని మించి ఒకరు కానుకలు మోయించుకొచ్చారు. లూ గారి వంతు వచ్చింది. ఆయన వెనక మోసేవాళ్లెవరూ లేరు. పొడుగు చేతుల చొక్కా తొడుక్కునే దేశం కదా, ఆ చేతిలోంచి ఒక తాను బట్ట, రెండు జతల జోళ్లు తీసి గవర్నరు ముందు పెట్టారు. ఇవి జనం దగ్గర తీసుకున్నవి కావు, మీరు నూరేళ్లు బతకాలని తెచ్చాను అన్నారని చెబుతారు.

ఆ ఒక్క మాటలో ఎన్ని తప్పులున్నాయో చూడండి. ఇవి జనం దగ్గర తీసుకున్నవి కావు అంటే, పక్కనున్న గుట్ట సంగతేమిటి? ఆ గుట్ట తెచ్చినవాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. గవర్నరు నవ్వి, కానుక వద్దన్నాడు. పై అధికారి నవ్వుతూ వద్దన్నాడంటే ఏమిటో ఉద్యోగస్తులకు చెప్పనక్కర్లేదు. లంచం ఇవ్వకపోయినా క్షమిస్తారు గానీ, లంచం కాని కానుక ఇస్తే క్షమించరు.

కాబట్టి నా సలహా: జోళ్లు తీసుకెళ్లాలనే అనిపిస్తే, లోపల వెండి కడ్డీలు పెట్టి తీసుకెళ్లండి. పాదాలకు కొంచెం బరువుగా ఉంటుందేమో గానీ మీ బదిలీకి తేలిగ్గా ఉంటుంది.

కొన్నాళ్లకు ము తియెన్‌యెన్ రాజధానికి ఒక ప్రతిపాదన పంపాడు. పెద్ద తాలూకాల్లో, చిన్న తాలూకాల్లో అధికారుల్ని తగినట్టు అటూ ఇటూ మార్చాలని. ఉదాహరణగా లూ గారినే చూపించాడు. మనిషి దుమ్ము కూడా అంటనంత శుభ్రం, కానీ జియాడింగ్‌లో పని ఎక్కువ, బకాయిలు ఎక్కువ, అంత చాకచక్యం ఈయనకు లేదు, చిన్నచోటికి పంపితే బాగుంటుందని రాశాడు. మన ఆఫీసుల్లో ‘చాలా మంచివాడండీ’ అని మొదలైన వాక్యం ఎక్కడ తేలుతుందో అందరికీ తెలుసు. పైవాళ్లు ఇంకో అడుగు వేసి, శక్తి చాలదని హోదా తగ్గించాలన్నారు. ఈలోపు ఇంకో కేసు. తాలూకాలో ఒకణ్ణి దారిలో దొంగలు చంపారు, బంధువులేమో పాత పగవాడి మీద ఫిర్యాదు చేశారు. లూ గారు అసలు దొంగల్నే పట్టుకుని నేరం తేల్చారు. అయితే మొదటి రిపోర్టులో దొంగల మాట లేదు కాబట్టి దొంగతనాన్ని దాచాడని ఉద్యోగం ఊడబెరికారు. దొంగల్ని పట్టుకున్నందుకు దొంగతనం దాచాడనే నేరం. నేనైతే ఫిర్యాదులో ఉన్న పగవాణ్ణే వేలాడదీసి ఫైలు మూసేసేవాణ్ణి. కాగితాలు చక్కగా కుదిరేవి.

శిస్తు, బంట్రోతులు, గడ్డిచెప్పులు

శిస్తు వసూలుకు పాతకాలం నుంచీ నడిచిన పద్ధతి ఒకటుంది. గడువు నాడు బాధ్యుల్ని కచేరీకి పిలిపిస్తారు, లెక్క తక్కువైతే వెదురు బద్దతో కొడతారు. అందరికీ అలవాటైన ఏర్పాటు. బద్దకు అలవాటు, వీపుకు అలవాటు. లూ గారు వచ్చి దీన్ని పాడుచేశారు. బకాయిదారుల పేర్లు రాయించి పెట్టేవారు. చెల్లించాల్సింది చెల్లించినవాడు తన దారిన ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈ గడువుకు కట్టలేనివాడు, తక్కువ పడినదానికి రెట్టింపు వచ్చే గడువుకు కడతానని తనంతట తానే ఒప్పుకోవచ్చు. కొట్టడం లేదు.

1676లో దక్షిణాన తిరుగుబాట్ల మీద యుద్ధం నడుస్తోంది. సైన్యానికి డబ్బు కావాలి, వెంటనే కావాలి. మీరైతే ఏం చేస్తారు? బంట్రోతుల్ని ఊళ్లమీదికి వదులుతారు. లూ గారు ఇంటింటికీ తన పేరు చీటీ పంపారు. పేరు చీటీ అంటే మర్యాదస్తుడు ఇంకో మర్యాదస్తుడి ఇంటికి వెళ్లేముందు లోపలికి పంపేది. ఒక రైతు పొద్దున్నే తలుపు తీశాడనుకోండి. బద్ద పట్టుకున్న బంట్రోతు నిలబడి ఉండాల్సిన చోట ఒక కాగితం ముక్క. దాని మీద తాలూకా అధికారి పేరు. నాకు ఈ కుర్చీ మీద మోజు లేదు, కానీ నేను పోతే మీకు మేలేమీ జరగదు, సర్కారు పని మాత్రం ఆగిపోతుందన్న సంగతి కూడా ఊరందరికీ చెప్పించారు. నెల తిరక్కుండా లక్ష దాకా వచ్చిపడింది.

ఫలితం బాగానే ఉందిగా అంటారా? మీరు అసలు విషయం వదిలేస్తున్నారు. ఆ లక్షలో బంట్రోతుల వాటా ఎంత? సున్నా. బంట్రోతులు, గుమాస్తాలు, వాళ్ల బావమరుదులు, అంతా ఆ ఏడాది గాలి తిని బతికారన్నమాట. ఇళ్ల ముందుభాగం కొలిచి పన్ను వెయ్యమని పైనుంచి హుకుం వచ్చినప్పుడు కూడా, అది బజారులో అంగళ్లకే, పల్లెల్లో గుడిసెల జోలికి పోవద్దన్నారు. చేతికందిన దారాన్ని చేజేతులా తెంపుకోవడమంటే ఇదే.

దావాల్లో ఇంకా ఘోరం. చైనాలో బంట్రోతు సమను పట్టుకుని ఊరికొస్తే ముందు అడిగేది గడ్డిచెప్పుల డబ్బు. నడిచొచ్చాను, చెప్పులరిగాయి, ఇవ్వండి. ఆ చెప్పుల ఖరీదు ముద్దాయి ఇల్లు చూసి పెరుగుతుంది, తరుగుతుంది. ప్రపంచంలో ఇంత సున్నితంగా ధర మారే సరుకు ఇంకొకటి లేదు. లూ గారు బంట్రోతుల్ని పంపడమే మానేశారు. బంధువుల మధ్య తగవైతే వంశపు పెద్దను తీసుకురమ్మనేవారు, ఊరి తగవైతే ఊరి పెద్దను. ఒక్కోసారి వాది ప్రతివాదుల్నే కలిసి రమ్మనేవారు. తగువులాడుకుంటున్న ఇద్దరు పది మైళ్లు పక్కపక్కన నడిచొస్తే దారిలో ఏమవుతుందో ఊహించుకోండి. సగం దావాలు పొలిమేర దాటకముందే చల్లారిపోతాయి. కోర్టు ఫీజులకు ఎంత నష్టం!

ఒకసారి తండ్రి కొడుకు మీద దావా వేశాడు. లూ గారు తీర్పు చెప్పాల్సిందిపోయి ఏడుస్తూ నచ్చజెప్పారు. కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు, తర్వాత బాగా చూసుకున్నాడని చరిత్ర చెబుతోంది. ఇంకోసారి తమ్ముడు అన్న మీద దావా తెచ్చాడు. ఈయన అన్నదమ్ముల్ని వదిలేసి, వెనకాల ఉండి ఎగదోసినవాణ్ణి పట్టి కొట్టించారు. ఎగదోసేవాడు ఎక్కడైనా కచేరీకి పెట్టుబడిదారుడు. పెట్టుబడిదారుణ్ణి కొట్టే వ్యాపారి ఉంటాడా?

సామాను సర్దుకోవడం గురించి

ఉద్యోగం పోయి జియాడింగ్ వదిలేనాటికి లూ గారి సామాను కొన్ని పుస్తకాలు, భార్య మగ్గం ఒకటి. అంతే. ఇది దాచిన సంగతి కాదు, తర్వాత వెయ్ షియాంగ్‌షు అనే ఉన్నతాధికారి చక్రవర్తికి పంపిన సిఫారసులోనే రాశాడు. మగ్గం చూశాక నాకు ఆ తాను బట్ట గుర్తొచ్చింది. ఆ పుట్టినరోజు కానుక ఇంట్లోనే నేసి ఉండొచ్చని నా అనుమానం. అంటే గవర్నరు వద్దన్నది ఒక అధికారి కానుకను కాదు, ఆ అధికారి ఇల్లాలి నెల రోజుల చేతి పని.

మీరు బండ్లు కట్టించుకోండి. కనీసం పది. లోపల ఏమీ లేకపోయినా ఫరవాలేదు, రాళ్లు నింపండి. సామాను తక్కువున్న మనిషికి తర్వాత ఏం జరుగుతుందో ఈయన్ని చూస్తే తెలుస్తుంది. పట్టుబట్టి మళ్లీ ఉద్యోగం ఇచ్చారు. 1683లో లింగ్‌షౌ తాలూకా. ఉత్తరాన, తైహాంగ్ కొండల అంచున, ఇప్పటి హెబెయ్ రాష్ట్రంలో. నేల సారం లేదు, జనం దగ్గర డబ్బు లేదు, వెట్టిచాకిరీ మాత్రం పుష్కలం. శుభ్రమైన చేతులకు సర్కారిచ్చే బహుమతి ఎప్పుడూ ఇలాంటి ఊరే. ఏడేళ్లు అక్కడే. వెట్టి మొత్తం లింగ్‌షౌ నెత్తినే ఎందుకు, పక్క తాలూకాలతో వంతులవారీగా చేయించండని పై అధికారులకు రాసి, ఒప్పించారు. ఊరూరా నోటీసులు రాసి అంటించారు, కొట్టుకోకండి, చిన్నదానికే ప్రాణాలు తీసుకోకండి అని.

ఊరి చరిత్ర రాసే పద్ధతి

ఇక అసలు విషయం. ఇక్కడే లూ గారు చేయాల్సినంత నష్టం చేశారు. ఇక్కడే, ఒక్కసారి, నాకు నచ్చే పని కూడా చేశారు.

చైనాలో ప్రతి తాలూకాకూ ఒక చరిత్ర పుస్తకం ఉండాలి. ఎక్కడ ఏ కొండ, ఏ వాగు, ఎన్ని ఊళ్లు, ఎంత శిస్తు, ఎవరు పరీక్ష పాసయ్యారు, ఏ ఏడు మిడతలొచ్చాయి, అన్నీ అందులో ఉండాలి. 1949కి ముందువి ఎనిమిది వేలకు పైగా ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. కొత్త అధికారి ఊళ్లో దిగగానే ముందు తెప్పించుకునేది ఆ పుస్తకమే. కాంగ్‌షీ కాలంలో సామ్రాజ్యం మొత్తానికీ కలిపి ఒక మహాగ్రంథం తయారుచెయ్యాలని, అన్నిచోట్లా ఈ పుస్తకాలు కొత్తగా రాయమని హుకుం వచ్చింది. లూ గారు 1680ల నడుమ లింగ్‌షౌ చరిత్ర రాయడానికి కూర్చున్నారు. తోడుగా ఊరివాడైన ఫు వెయ్‌యున్ ఉన్నాడు. మింగ్ వంశ చరిత్ర రాసిన ఫు వెయ్‌లిన్ కూడా లింగ్‌షౌ మనిషే. ఎంత పేద తాలూకా అయినా రాతగాళ్లకు కరువులేదు.

ఇలాంటి పుస్తకం ఎలా రాయాలో నేను చెబుతాను. ముందు ముందుమాటలు. ఒకటి గవర్నరుది, ఒకటి ఆయన కింది అధికారిది, ఒకటి మీది. తర్వాత ‘ఎనిమిది అందాలు’. ప్రతి తాలూకాకూ ఎనిమిది అందాలుండటం ఆచారం. మీ తాలూకాలో మూడే ఉంటే, వాగు మీద వెన్నెల, గుడి దగ్గర సాయంకాలపు గంట, దూరపు కొండ మీద మంచు అని పేర్లు పెట్టి పెంచుకోవచ్చు, ఎవరూ వచ్చి లెక్కపెట్టరు. తర్వాత గొప్పింటివాళ్ల ముత్తాతల చరిత్రలు, ఎవరు ఎంత చందా ఇచ్చారో దాన్నిబట్టి పేజీలు. శిస్తు లెక్కలు చివర్లో, చిన్న అక్షరాల్లో. శిస్తు వివరంగా రాస్తే ఎవడో ఒకడు చదివి, నా దగ్గర ఎక్కువ లాగారని వస్తాడు.

లూ గారు తలకిందులు చేశారు. పుస్తకమంతా పొదుపుగా, కొన్నిచోట్ల మరీ పొట్టిగా ఉంటుంది. శిస్తు భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వివరాలే వివరాలు. ఈ నేల సారం లేనిది, జనం పేదవాళ్లు, ఇక్కడికొచ్చే అధికారి కొత్త రూళ్లు పెట్టి దండుకోకూడదు, ఊళ్లో ఉండేవాళ్లు ఆర్భాటాలకు పోయి పోట్లాడుకోకూడదు అనే మాటను పుస్తకం పొడుగునా తిప్పి తిప్పి చెప్పారు. అంటే తన తర్వాత వచ్చే అధికారి మొదటిరోజే తెరిచే పుస్తకంలో, ఇక్కడ నువ్వు తినడానికి ఏమీ లేదు అని రాసిపెట్టారన్నమాట. ఇంత కిరాతకం నేను ఎక్కడా చూడలేదు. చివర్లో ఇంకా ఘోరం. ఊరికోసం తాను పైవాళ్లకు పెట్టుకున్న విన్నపాలు, చరిత్ర ఎలా రాయాలో ఫు వెయ్‌యున్‌తో నడిచిన వాదనలు కూడా అచ్చువేశారు. ఆఫీసు ఫైల్లో ఉండాల్సింది జనం చేతిలో పెట్టడం.

ఇప్పుడు మెచ్చుకునే సంగతి. లింగ్‌షౌ ఊళ్లలో రాతి తోరణాలుండేవి, పరీక్ష పాసైనవాళ్లకూ పేరు పొందినవాళ్లకూ కట్టినవి. గొప్పదనం మనిషిలో ఉంటుంది గానీ తోరణంలో ఉండదని లూ గారు వాటన్నిటినీ పుస్తకంలోంచి తీసేశారు. బౌద్ధ మఠాలూ, తావో గుళ్లూ కూడా తీసేశారు. ఎందుకంటే ఆయన జుషీ అనే పాత పండితుడి మార్గంలో నడిచే కరుడుగట్టిన కన్ఫ్యూషియన్. బుద్ధుణ్ణి ఊరి జాబితాలోంచి తీసేస్తే జనం సన్మార్గంలో పడతారని నమ్మారు. ఈ ఒక్క విషయంలో లూ గారూ నేనూ ఒకటే బడి. కొండ మీద గుడి గంట మోగుతూనే ఉంటుంది, ముసలమ్మలు అగరుబత్తులు వెలిగిస్తూనే ఉంటారు, పుస్తకంలో మాత్రం అక్కడ గడ్డి మాత్రమే ఉంటుంది. చరిత్ర రాయడంలో ఇంతకంటే సులువైన కిటుకు లేదు. మీకు నచ్చనిది ఊళ్లో కూల్చనక్కర్లేదు, మార్చనక్కర్లేదు. రాయకుండా ఉంటే చాలు.

నూరేళ్ల తర్వాత జాంగ్ షుయెచెంగ్ అనే ఆయన వచ్చి ఈ ఆనందం చెడగొట్టాడు. స్థానిక చరిత్రలు ఎలా రాయాలో చైనాలో ఆయనంత లోతుగా ఆలోచించినవాడు లేడంటారు. లింగ్‌షౌ చరిత్ర మీద ఒక వ్యాసమే రాశాడు. మనిషిని గౌరవించాలి, పుస్తకం ఉద్దేశం మంచిది, శిస్తు వివరంగా రాయడం తెలివైన పని అని ముందు ఒప్పుకున్నాడు. తర్వాత చురక. తోరణాలు తీసెయ్యడం ఛాదస్తం, గుళ్లు తీసెయ్యడం ఇంకో ఛాదస్తం. కట్టకూడనివి కడితే వాటినే మరింత జాగ్రత్తగా నమోదు చెయ్యడం పాత చరిత్రకారుల పద్ధతి, చెడ్డదని చెరిపేస్తే చెడ్డదని తెలిసేదెలా అన్నది ఆయన వాదన. వెండి లెక్క రాసేటప్పుడు ఒక్క గురిగింజ ఎత్తు కూడా అటూ ఇటూ కానివ్వని మనిషి, బుద్ధుడి దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకున్నాడన్నమాట. మీరు ఈ జాంగ్ మాటలు పట్టించుకోకండి. 1778లో పై మెట్టు పరీక్ష పాసై కూడా పదవి తీసుకోలేదు, ఊరూరా తిరిగి ఎవరెవరికో చరిత్రలు రాసిపెట్టి పొట్టపోసుకున్నాడు. అలాంటివాడి మాట మీలాంటి ఉద్యోగస్తులకెందుకు?

మన దగ్గర కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. కరణం చెప్పిందల్లా రాసుకున్నారు. శివాలయం, వైష్ణవాలయం, అమ్మవారి చెట్టు, దెయ్యం పట్టిన బావి, మాన్యం ఎవరిచ్చారు, ఎవరు మింగారు, ఏదీ వదల్లేదు. లూ గారు చూసి ఉంటే తల పట్టుకునేవారు, జాంగ్ గారు భోజనానికి పిలిచేవారు.

రాజధానిలో నోరు

1690లో నోరు అదుపులో పెట్టుకోనివాళ్లకు సరిపోయే ఉద్యోగం ఇచ్చారు. తప్పులెత్తి చూపే అధికారి. ఏడేళ్ల తర్వాత లింగ్‌షౌ వదిలి వెళ్తుంటే జనం దారికి అడ్డం పడి ఏడ్చారట, జియాడింగ్‌లో లాగే. జనం ఏడ్చేలా ఉద్యోగం చెయ్యకండి. ట్రాఫిక్ ఆగిపోతుంది.

ఆ మరుసటి ఏడు గల్దాన్ అనే మంగోల్ నాయకుడి మీద దండయాత్రకు డబ్బు కావాలి. సర్కారు చూపిన దారి, పదవులు అమ్మడం. డబ్బు కట్టు, అధికారివి అవ్వు. ఇంకాస్త కట్టు, సిఫారసు లేకుండానే పైకి పో. లూ గారు లేచి ఇది తప్పన్నారు. పదవి కొనుక్కున్నవాళ్లకు కూడా సిఫారసు ఉండాల్సిందే, మూడేళ్లలో ఎవరూ సిఫారసు చెయ్యకపోతే ఇంటికి పంపెయ్యాలన్నారు. మంత్రులకు ఒళ్లు మండింది. ఇలా అంటే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు, సైన్యం ఖర్చు ఎలా? ఉద్యోగం తీసేసి మంచూరియాలోని ఫెంగ్‌తియెన్‌కు పంపించెయ్యాలని నిర్ణయించారు. చక్రవర్తి వదిలేశాడు, చెప్పడమే ఆయన ఉద్యోగం కదా అని. రాజధాని చుట్టుపక్కల తిరిగొచ్చిన వెయ్ జీచి అనే అధికారి కూడా, ఈయన్ని దూరం పంపేస్తారేమోనని జనం కంగారుపడుతున్నారని చెప్పాడు.

పాఠం స్పష్టంగానే ఉంది. సరుకు అమ్మే దుకాణంలో నిలబడి, ఈ సరుకు చెడ్డదని చెప్పకూడదు. మీరు కొనకపోతే వద్దు, పక్కకు జరగండి.

ఆ తర్వాత ఈయన సెలవు పెట్టి ఊరికి వెళ్లిపోయారు. 1692లో, చైనా పంచాంగం లెక్కన, కన్నుమూశారు.

చచ్చాక కూడా జాగ్రత్త

మంచి పేరున్న మనిషికి మరణం తర్వాత కూడా విశ్రాంతి ఉండదు. 1694లో ఒక రాష్ట్రానికి విద్యాధికారి పదవి ఖాళీ అయింది. కాంగ్‌షీ చక్రవర్తికి లూ లుంగ్‌చీ గుర్తొచ్చాడు. దగ్గరున్నవాళ్లు, ప్రభూ, ఆయన పోయాడు అన్నారు. బతికున్నప్పుడు రాజధాని కుర్చీలో కుదురుగా ఉండనివ్వని సర్కారు, చచ్చాక రమ్మని కబురు పంపింది. అందుకే మీ మరణం సంగతి ఆఫీసులో ముందుగా రిజిస్టరు చేయించుకోండి. లేకపోతే పెన్షను ఇవ్వరు గానీ బదిలీ ఉత్తర్వు వస్తుంది.

1724లో కన్ఫ్యూషియస్ గుడిలో ఈయన పేరు పలక పెట్టారు. చింగ్ వంశపు కాలం పండితుల్లో ఆ గౌరవం మొదట దక్కింది ఈయనకే. గుళ్ల పేర్లు చరిత్రలోంచి తీసేసిన మనిషికి గుళ్లోనే చోటు. 1736లో మరణానంతర బిరుదు.

వీటన్నిటికీ సలహా ఇవ్వగలను. ఒక్కదానికి మాత్రం నా దగ్గర లేదు. లింగ్‌షౌ పక్కన ఫూపింగ్ అనే తాలూకా ఉంది. లూ గారు అక్కడ ఏనాడూ పనిచెయ్యలేదు. ఆ ఊరివాళ్లు ఆయన పేరున ఒక సమాధి కట్టుకున్నారు. లూ అనే ఇంటిపేరున్న కుటుంబమొకటి, మేం ఆయన వంశంవాళ్లమని చెప్పుకుంటూ తరతరాలుగా దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. పింగ్‌హు ఎక్కడ, ఫూపింగ్ ఎక్కడ! తాతగారు కాని తాతగారి సమాధి ఊడ్చుకుంటూ కూర్చున్నారు. మామూళ్లు లేవు, వంతులు లేవు, వాళ్లకు ఎవరూ పేరు చీటీ కూడా పంపలేదు. నేను రెండుసార్లు లెక్క వేసి చూశాను, ఇందులో ఎవరికి ఏం లాభమో అందడం లేదు.

సరే, అది వదిలెయ్యండి. గవర్నరుగారి పుట్టినరోజు వచ్చే నెల. పట్టు తానులు ఎన్ని పంపుతున్నారో ముందుగా రాయండి, బండి మాట్లాడిపెడతాను.